డాష్‌బోర్డు వెనక

మైనస్ ముప్పై ఒకటి.
ఈ చలిలో ప్లాస్టిక్కు గాజుతో సమానం,
తొందరపడి లాగితే క్లిప్పు పుటుక్కుమంటుంది.
అందుకని బొగ్గు పొయ్యి పక్కన
ఉప్పేసిన పాల టీ తాగుతూ
బండి ఒళ్ళు వెచ్చబడేదాకా ఆగాను.

జపాన్‌లో ఓడెక్కి, ఆపైన రైలెక్కి
ఉలాన్‌బాతర్‌లో దిగిన బండి.
పాత తెర ఇంకా వెలుగుతోంది.
దాని లెక్కన మేం ఎక్కడా లేం,
చుట్టూ ఖాళీ, మధ్యలో ఒక ఎర్ర బాణం.
మూలన ఇంటి బొమ్మ, దాని పక్కన అంకె:
రెండు వేల ఎనిమిది వందల కిలోమీటర్లు.
ఎవరిల్లో.

బ్యాటరీ మైనస్ ఊడదీశాను.
ఇల్లు ఆరిపోయింది.

మా అమ్మ నాకు నెర్‌గూయ్ అని పేరు పెట్టింది,
పేరు లేనిది అని అర్థం,
నాకు ముందు పోయిన ఇద్దరి వెంట
నన్ను కూడా ఎవరూ వెతుక్కుంటూ రాకూడదని.
నేను మాత్రం ప్రతి వైరుకీ
తెల్ల టేపు చుట్టి పేరు రాస్తాను.

నలుపు ఇనుముని పట్టుకోవాలి, పెయింటుని కాదు,
అందుకే మెరుపు కనబడేదాకా గీకాలి.
ఎరుపు తాళంతో లేచి తాళంతో పడుకుంటుంది.
పసుపు పడుకోదు.
బండి మంచులో వారం నిలబడినా
చుక్క చుక్కగా తాగుతూ అన్నీ గుర్తుంచుకుంటుంది.
ఈ రెండూ తారుమారైతే
పెట్టె పొద్దున్నే కొత్తగా పుడుతుంది,
గడియారం పన్నెండు దగ్గర, స్టేషన్లన్నీ తుడిచిపెట్టుకుపోయి.
మా పెదనాన్న చివరి రెండేళ్ళూ అలాగే లేచాడు.
ఆయన వైర్లు ఎక్కడున్నాయో
ఏ డాక్టరుకీ దొరకలేదు.

దాష్‌జెవెగ్ తలుపు దగ్గర నిలబడి
సిగరెట్టు పొగా, నోటి ఆవిరీ కలిపి వదులుతున్నాడు.
రాత్రిళ్ళు గోబీ వైపు మనుషుల్ని చేరవేస్తాడు.
"ఆ హ్యాండుబ్రేకు వైరుని బాడీకి కలిపెయ్యి,
నడుపుతూ కుస్తీ చూడొచ్చట."
"రోడ్డు మీదికొచ్చే గొర్రెకి నీ కుస్తీ సంగతి తెలీదు," అన్నాను.
కాసేపు అలిగాడు.

బిస్కట్టంత నల్లటి యాంటెన్నా
అద్దం కింద, ఆకాశం కనబడేచోట అతికించాను.
"అయితే ఇది నాకు దారి చెబుతుందా?"
స్తంభాల వరస తప్పిపోయిన చోట
అద్దం దించి గాలి వాసన చూసే మనిషి.
"మరి కొన్నావెందుకు?"
"తెర లేని బండి ఎక్కడం లేదు కుర్రాళ్ళు."

మూడు గంటలు పట్టింది.
తాళం తిప్పితే పది అంగుళాల వెలుగు,
ఉపగ్రహాలు ఒకటి, నాలుగు, తొమ్మిది,
బాణం మా వీధిలో, మా డబ్బా షెడ్డు మీద.
అంతలో స్టీరింగు కింద నుంచి
ఒక ఆడగొంతు, జపాను భాషలో,
మెత్తగా ఒక్క వాక్యం.

అగ్గిపెట్టెంత పెట్టె. అక్కడి టోల్‌గేట్లకి పెట్టింది.
కత్తెర తీశాను.
మణికట్టు పట్టుకున్నాడు.
"దాన్ని ఉండనీ."
"ఏమంటోందో తెలుసా?"
"తెలీదు. బయల్దేరేముందు ఒక మాట అంటుంది.
మంచిమాటే అయ్యుంటుంది.
నాలుగేళ్ళలో ఒక్కసారీ దారిలో ఆగిపోలేదు."

నాకు తెలుసు.
అక్కడ చదువుకొచ్చిన అమ్మాయి ఒకతె చెప్పింది:
కార్డు పెట్టలేదు. అంతే.
రోజూ అదే ఫిర్యాదు, లేని టోల్‌గేటు కోసం.

పాత సాకెట్టు నుంచి వేలాడుతున్న
దాని సన్నటి ఎర్ర వైరుని
కొత్త ఎరుపుకి మెలేసి, టంకం పెట్టి,
గుడ్డ టేపు మూడు చుట్లు చుట్టాను.
మళ్ళీ తాళం తిప్పాను.
ఆమె అంది.
దాష్‌జెవెగ్ టోపీ తీసి,
కొంచెం తల వంచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆ పనికి వేరే డబ్బు తీసుకోలేదు.

అతను వెళ్ళాక బల్ల కింద రేకు డబ్బా లాగాను.
అలాంటి పెట్టెలు నలభై దాకా ఉంటాయి,
అన్నిటి వైర్లూ నేను కోసినవే,
మొదలంటా.